లెక్కలో ఒకరు తక్కువ

సీజను అయిపోయింది.
జీడి కాలిన వేళ్ళకి కొత్త తోలు వచ్చింది.
పల్పు ఫ్యాక్టరీ ఓనరు ఆ పొద్దు ఏ గుణంలో ఉన్నాడో
చంద్రగిరి చూపించుకుని రమ్మని
ఒక బస్సు ఇచ్చినాడు.

గుడిపాలలో ఎక్కింది ముప్పై ఇద్దరం.
సూపర్‌వైజరు కుప్పుసామి
క్రేట్లు ఎంచినట్టు మమ్మల్ని ఎంచి
బస్సు రేకు మీద రెండు దెబ్బలు కొట్టినాడు.
పూతలపట్టు దాటకముందే
సగం చిత్రాన్నం ఖాళీ.

కోట దగ్గర దిగితే
మొదట వెతుక్కునింది రాజుల్ని కాదు, బాత్రూముని.
ఆ వరసలో నిలబడి తలెత్తితే
అప్పుడు కనపడింది గోడ:
ఏనుగంత రాయి మీద ఎద్దంత రాయి,
నడాన సున్నం లేదు, మట్టి లేదు,
చీమ దూరే సందు లేదు.
"నా కోడలూ నేనూ ఒక్క దినం ఇట్ల ఇమిడితే
మొగిలీశ్వరుడికి టెంకాయ కొడతా"
అనింది రెడ్డెమ్మ.

గైడు పిల్లోడు లోకనాథం
గొంతు సవరించుకుని
రాయల్ని ఒకరెనక ఒకర్ని దించినాడు.
ఎవరు ముందో ఎవరు వెనకో
మాకు ఒక్కరూ నిలవలేదు.
నీలం, బెంగుళూరా, మల్లిక, ఇమాంపసందు,
కళ్ళకి గంత కట్టినా చెప్పేస్తాం.
రాజులకి వాసన లేదు కదా.

రాజమహలు మూడంతస్తులు.
కట్టెముక్క వాడకుండా కట్టినారంట,
ఇటుక, రాయి, సున్నం.
సున్నంలోకి బెల్లం, కరక్కాయ, కోడిగుడ్డు సొన
కలిపి నెలలకి నెలలు నూరినారంట.
అంతదాకా సెల్లులో తల దూర్చిన ప్రమీల
"ఎవురు నూరింది?" అనింది.

లోకనాథం బట్టీపట్టిన దాంట్లో అది లేదు.
"పనోళ్ళు" అన్నాడు, రవ్వంతసేపు నిలబడి.
"ఆడోళ్ళా? మగోళ్ళా?"
"కూలి ఎంతిచ్చినారు?"
"చేతులు పొక్కితే ఏం పూసుకున్నారు?"
ఇంక ఆగలేదు మేము.
పిల్లోడు రుమాలు తీసి మొహం తుడుచుకున్నాడు.

మెట్ల మలుపులో పెచ్చు ఊడిన చోట
గోడలో నాలుగు గీతలు,
మెత్తేటప్పుడు ఎవరివో వేళ్ళు జారినట్టు.
ముట్టుకోవద్దని పక్కనే బోర్డు.
నాకు అక్షరం రాదనుకుంటాడు కుప్పుసామి.
అదే అదునని ముట్టుకున్నా.
నా వేళ్ళకన్నా సన్నం.

బయట కొండ మీద రాతిచట్రం ఒకటి,
ఉరి తీసిన చోటని ఊళ్ళో చెప్పుకుంటారంట.
మోకాళ్ళు ఒప్పుకోక మేమెవరం ఎక్కలేదు.
కుప్పుసామి మాత్రం
చెయ్యి అడ్డం పెట్టుకుని చానాసేపు చూసినాడు.
ఏమనుకున్నాడో. లోడు తగ్గిన ప్రతిసారీ
ఓనరు ముందు నిలబడేది ఆయనే.

అయిదింటికి బస్సు దగ్గర లెక్క.
ముప్పై ఒకటి.
వేళ్ళు మడిచి మళ్ళీ ఎంచినాడు.
ముప్పై ఒకటే.
"దొరసానమ్మ యాడమే?"
సోడాబండి దగ్గర లేదు.
మ్యూజియంలో తాళాలు వేసేస్తా ఉండారు.
లోకనాథం పరిగెత్తినాడు, ఎనకాలే మేము.

రాణీమహలు కింద, కమాను నీడలో,
చెప్పులు తలకింద పెట్టుకుని
కాళ్ళు బార్లా చాపుకుని
నోరు తెరిచి నిద్రపోతా ఉంది.

లేపింది రెడ్డెమ్మ.
"రాణీ, పల్లకీ వచ్చింది, లెయ్యి."
లోకనాథానికి నవ్వొచ్చింది. ఆపుకుని,
"పేరుకే రాణీమహలు లేమ్మా,
ఈడ గుర్రాలు కట్టేసేవాళ్ళని కొందరంటారు" అన్నాడు.
దొరసానమ్మ కొంగు దులుపుకుంటా
"గుర్రాలకి తెలుసు నాయనా,
చల్లదనం యాడుండాదో" అనింది.

ముప్పై రెండు.
బస్సు కదిలింది.
పాకాల దాటేసరికి చీకటి పడింది,
సగం తలలు పక్క భుజాల మీద.
ముందు సీట్లో ప్రమీల
సెల్లు వెలుగులో ఏందో వెతుకుతానే ఉంది.

గోరు సందులో కొంచెం సున్నం ఉండిపోయింది.
ఎవరూ చూడనప్పుడు వాసన చూసినా.
బెల్లం లేదు,
కరక్కాయ లేదు.
మామిడికాయే.